నల్లరేగడిలో రాడార్ పనిచేస్తుందా?

మహబూబ్‌నగర్‌లో చిన్న సర్వే ఆఫీసు నడుపుతున్నాను. రోడ్డు తవ్వేముందు కింద పైపులు, కేబుళ్లు ఎక్కడున్నాయో చెప్పమని కాంట్రాక్టర్లు అడగడం పెరిగింది. పోయిన నెల పొక్లెయిన్ పళ్లు తగిలి మంచినీటి పైపు పగిలింది, వీధంతా బురద. అప్పటి నుంచి భూమిలోకి చూసే రాడార్ కొనాలని ఉంది.

400 మెగాహెర్ట్జ్ యాంటెన్నాతో పొడి చెల్క నేలలో రెండు మూడు మీటర్ల లోతు వరకు చూడవచ్చు. కానీ అలంపూర్ వైపు తడిసిన నల్లరేగడి రాడార్ పంపే తరంగాలను మింగేస్తుంది. ప్లాస్టిక్ పైపులైతే ఇనుప పైపులంత స్పష్టంగా కనిపించవు. (పక్కింటాయన బోరు పాయింటు చూపించమంటున్నారు. మూడు వందల అడుగుల కింది నీళ్లకు ఇది పనికిరాదంటే వినరు!)

ఈ పని చేస్తున్నవారు దయచేసి చెప్పండి: వానాకాలంలో పని ఎంత ఆగిపోతుంది? రాడార్ తెరమీద పైపులు, కేబుళ్లు కనిపించే వంపులను చదవడం ఎన్నాళ్లకు పట్టుబడింది? కొనడమా, మొదట అద్దెకు తెచ్చుకోవడమా?