మెరుగు పెట్టేవాళ్లు మూడిళ్లు తిరిగిపోయారు, ఊర్లో ఒక్కరికీ తెలియలేదు. మీ ఊర్లో ఏం చేస్తున్నారు?

బత్తాయి_తోట అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. నల్లగొండ నుంచి దేవరకొండ పోయే రోడ్డు దిగి మూడు కిలోమీటర్లు లోపలికి వస్తే మా ఊరు. రెండు వందల గడప. మాకు ఐదెకరాల బత్తాయి, రెండు బోర్లు, అందులో ఒకటి ఎండింది.

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున పదకొండింటికి నేను, నాన్న తోటలో ఉన్నాం. ఇంట్లో అమ్మ ఒక్కతే. బైక్ మీద ఇద్దరు వచ్చారట. టక్ చేసుకుని, మెడలో కార్డు, భుజానికి బ్యాగు. ముందు మంచినీళ్లు అడిగారు. తాగిన ఇత్తడి చెంబుకే ఏదో తెల్ల పొడి రాసి తళతళలాడించి ఇచ్చారు. తర్వాత దేవుడి కాడి కుందులు, ఆ తర్వాత కాళ్ల పట్టీలు. ఒక్క రూపాయి తీసుకోలేదు. కంపెనీ పొడి, ప్రచారానికి వచ్చామన్నారు. పైసలు అడగనివాడు దొంగ ఎట్లవుతాడని అమ్మకు అక్కడే నమ్మకం కుదిరింది.

ఆఖరికి పుస్తెలతాడు. మూడు తులాలది. వాళ్ల ప్లాస్టిక్ డబ్బాలో ఏవో నీళ్లు పోసి అందులో వేశారట. ఘాటుకు అమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. కాసేపటికి తీసి, మా గిన్నెలోనే పసుపు నీళ్లు కలిపించి, అందులో వేసి మూత పెట్టి, "అరగంట దాకా మూత తీయకమ్మా, మెరుగు దిగిపోతుంది" అని చెప్పి పోయారు. మా అమ్మ అరగంట కాదు, గంట ఆగింది. తీస్తే తాడు ఉంది, పచ్చగా మెరుస్తోంది. మెడలో వేసుకుంది. పసుపు నీళ్లు తొక్కుళ్లలో పడొద్దని తులసి కోటలో పోసింది.

మూడో రోజుకు తులసి ఆకులు కొసల నుంచి మాడడం మొదలైంది. వారానికి మోడైంది. అప్పుడు అనుమానం వచ్చి కంసాలి దగ్గర తూకం వేయిస్తే ఐదున్నర గ్రాములు తక్కువ. స్టేషన్‌కు పోతే, "మీరే ఇష్టపడి చేతికిచ్చారు కదా, దొంగతనం ఎట్లవుతుంది" అని పంపించేశారు.

నాకు బంగారం పోయిన బాధ కంటే ఇంకో బాధ ఎక్కువగా ఉంది. అంతకు వారం ముందే పక్క వీధిలో, నాకు చిన్నమ్మ వరసయ్యే ఆమె దగ్గర ఇట్లనే చేశారు. ఆమె నోరు విప్పలేదు, చిన్నాన్న తిడతాడని. ఆమెకు ముందు కింది వాడలో ఇంకొకామె. ఎవరింట్లో ఏం కూర వండారో సాయంత్రానికి ఊరంతా తెలిసే ఊరు మాది. ఇది మాత్రం తెలియలేదు.

ఇప్పుడు మా పిల్లగాళ్లంతా ఆవేశం మీద ఉన్నారు. రాత్రి గస్తీ పెడతాం, కొత్త మొహం కనబడితే కట్టేసి కొడతాం అంటున్నారు. మొన్న దుప్పట్లు అమ్ముకునే ముసలాయనను గంటసేపు గద్దె మీద కూర్చోబెట్టి ఫోటోలు తీసి గ్రూపులో పెట్టారు. పంచాయతీవాళ్లేమో, "నువ్వు డిగ్రీ దాకా చదివావు, జాగ్రత్తలు ఒక కాగితం మీద రాసివ్వు, ఇంటింటికీ పంచుదాం" అని నా నెత్తిన పెట్టారు. ఫోన్ నంబర్ల పట్టిక ఇదివరకే ఉంది. వాటర్ ట్యాంకు వెనక గోడకు రాశారు, మేకలు తప్ప ఎవరూ చూడరు. నిజంగా పనికొచ్చేది ఏం రాయాలి? మీ ఊర్లలో ఏదైనా నడుస్తుంటే చెప్పండి.

రిటైర్డ్_హెడ్డు:

తమ్ముడూ, నేను హెడ్ కానిస్టేబుల్‌గా రిటైరయ్యాను. మొదట నీకో మాట. ఆ గిన్నె కడిగేశారు కదా? ఇంకోసారి ఎవరికైనా ఇట్లా జరిగితే గిన్నె కడగొద్దు, నీళ్లు పారబోయొద్దు, ఉన్నది ఉన్నట్టు మూత పెట్టి స్టేషన్‌కు పట్టుకుపొమ్మని రాయి నీ కాగితంలో.

అందులో మంత్రమేం లేదు. నైట్రిక్ ఆసిడ్, హైడ్రోక్లోరిక్ ఆసిడ్ కలిపిన నీళ్లవి. విడివిడిగా బంగారాన్ని ఏమీ చేయలేవు, రెండూ కలిస్తే కరిగిస్తాయి. కరిగిన బంగారం వాళ్ల డబ్బాలోనే వాళ్లతో పోయింది. ఇంటికి పోయి తీరిగ్గా విడదీసుకుంటారు. పసుపు ఎందుకంటే తాడు రంగు మారినా తెలియకూడదు. మూత ఎందుకంటే మీ అమ్మ తూకం సంగతి ఆలోచించేలోపు వాళ్లు మెయిన్ రోడ్డు ఎక్కాలి. తాడుకు అంటుకుని మిగిలిన ఆసిడే మీ తులసిని చంపింది.

ఇష్టపడి ఇచ్చారు కాబట్టి కేసు కాదన్నది తప్పు. నమ్మించి తీసుకుంటే మోసం. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కదా, పాత శిక్షాస్మృతిలోని 420 సెక్షన్ ఇప్పుడు అందులో 318(4). దరఖాస్తులో తేదీ, టైము, బండి రంగు, వాళ్ల మాట తీరు, పాత తూకం, కొత్త తూకం రాయండి. కంసాలి చీటీ, తాడు కొన్నప్పటి బిల్లు ఉంటే జిరాక్సులు జత చేయండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. స్టేషన్‌లో తీసుకోకపోతే అదే దరఖాస్తు ఎస్పీ గారికి పోస్టులో పంపవచ్చు, చట్టంలోనే ఉంది. మా హద్దు కాదు, పక్క స్టేషన్‌కు పొమ్మన్నా వినక్కర్లేదు. ఏ స్టేషన్ అయినా జీరో ఎఫ్‌ఐఆర్ కట్టి అక్కడికి పంపాలి.

ఐదున్నర గ్రాములకు స్టేషన్ చుట్టూ ఎవరు తిరుగుతారని ఇంట్లో అంటారు. నా సర్వీసులో నేను చూసింది చెబుతా. ఒక్క దరఖాస్తు వస్తే ఫైల్లో పడి ఉంటుంది. ఒకే మండలం నుంచి ఒకే తీరువి మూడు వస్తే ఎస్సై కుర్చీలోంచి లేస్తాడు. మీ చిన్నమ్మ, కింది వాడ ఆమె కూడా వస్తే మీవి మూడు అవుతాయి.

ఇంకొకటి. వాళ్లు హిందీ కలిపి మాట్లాడారు, ఫలానా రాష్ట్రం వాళ్లు అని కాగితంలో రాయొద్దు. రేపు అచ్చమైన మన యాసలో మాట్లాడేవాడు వస్తే తలుపు తీస్తారు.

లైన్‌మన్_బావ:

గస్తీ వద్దనకండి అన్నా, ఊర్లో కాదు, బావుల కాడ పెట్టుకోండి. మా సెక్షన్‌లో పొలాల ట్రాన్స్‌ఫార్మర్లను కింద పడేసి, ఆయిల్ వంపేసి, రాగి చుట్టలు పీక్కుపోతారు. ఈమధ్య వచ్చేవాటిలో చాలావాటికి అల్యూమినియం చుట్టలే, అది పగలగొట్టాక గానీ వాళ్లకు తెలియదు. మనకు నష్టం రెండింట్లోనూ ఒకటే, కొత్తది బిగించేదాకా తోట ఎండాలి.

నేను మా రైతులకు చెప్పేది ఒక్కటే. రాత్రిపూట మోటార్ సప్పుడు ఆగితే మెలకువ రావాలి. కరెంటు పోయిందనుకుని అటు తిరిగి పడుకోవద్దు. పక్క ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతుకు ఫోన్ చేసి మీకుందా అని అడగాలి. వాళ్లకు ఉండి మీకే పోయిందంటే నలుగురు టార్చ్‌లు వేసుకుని, కేకలు పెట్టుకుంటూ పోవాలి. చప్పుడు లేకుండా పోయి పట్టుకుందామని మాత్రం చూడొద్దు. వైర్లు తెగి పడి ఉంటాయి, చీకట్లో ఏది లైనో తెలియదు. 100కో 112కో కొట్టాలి, తర్వాత 1912, అది మా కరెంటు కంపెనీది.

కేబుల్ వైరు బోరు పైన చుట్టలు చుట్టి వదిలేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది. ఎవరికి పెట్టినట్టు అది?

గద్వాల_టీచరమ్మ:

మీ దుప్పట్ల ముసలాయన ఫోటో సంగతి చదివాక రాయకుండా ఉండలేకపోయాను.

2018 ఎండాకాలం మా జోగులాంబ గద్వాల జిల్లాలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని వాట్సాప్‌లో ఒకటే పుకార్లు. మా వీధిలో ఉక్కపోతలో కూడా బయట మంచాలు వేసుకోవడం మానేశారు. కర్రలు పట్టుకుని తిరిగినవాళ్లు మంచివాళ్లే, మా బంధువులే. అప్పట్లో ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి గారు ఒక్కో ఊరికి ఒక్కో పోలీసును అప్పగించి, డప్పులతో, పాటలతో ఊరూరా అది అబద్ధమని చెప్పించారు. పాట కట్టి పాడితేగానీ మా వాళ్లు వినలేదు. చదువుకున్న నేను కూడా ఆ మెసేజ్ ఇద్దరికి ఫార్వర్డ్ చేశాను, ఇప్పటికీ సిగ్గే.

మీ పిల్లలకు చెప్పండి, మనిషిని కట్టేసినా, కొట్టినా కేసు వాళ్ల మీదే అవుతుంది. ఉద్యోగం వచ్చే వయసులో ఆ కాగితం ఒకటి మెడకు తగులుకుంటుంది. అనుమానం ఉంటే బండి నంబరు రాసుకోవాలి, ఫోన్ చేయాలి. ఫోటో పోలీసులకు పంపాలి గానీ గ్రూపులో పెట్టకూడదు.

అసలు సంగతి ఇంకొకటి. మీ ఇంటికి వాళ్లు వచ్చింది పగలు పదకొండింటికి. అప్పుడు ఇంట్లో ఉన్నది ఎవరు? మీ వాట్సాప్ గ్రూపులో ఉన్నది ఎవరు? మా ఊరి గ్రూపులో నూట ఎనభై మంది ఉంటే ఆడవాళ్లు పదకొండు మంది. రాత్రి గస్తీ మగవాళ్లది, మోసపోయేది పగలు ఆడవాళ్లు. కాగితం పంచినా అది అల్మారాలో పేపర్ కింద పరుచుకుంటారు. పొదుపు సంఘం మీటింగ్ ఉంటుంది కదా, కిస్తీలు కట్టడం అయిపోగానే ఐదు నిమిషాలు అడగండి. మీరు మాట్లాడొద్దు. మీ అమ్మగారిని మాట్లాడమనండి.

మీసేవ_తమ్ముడు:

టీచర్ మేడమ్ చెప్పిందే నా కౌంటర్ దగ్గర కూడా. పీఎం కిసాన్ పేరుతోనో, బండి చలాన్ పేరుతోనో వాట్సాప్‌లో ఏపీకే ఫైలు, అంటే ఫోన్‌లో యాప్ ఎక్కించే ఫైలు, వస్తుంది. నొక్కుతారు, ఫోన్‌లోని మెసేజ్‌లు వాడి చేతికి పోతాయి, ఖాతా ఖాళీ. నా దగ్గరికి వచ్చేది నాలుగు రోజులకు, అది కూడా "అన్నకు చెప్పకు తమ్మీ" అనుకుంటూ. సైబర్ మోసాల నంబరు 1930కి వెంటనే కొడితే పైసలు ఇంకో ఖాతాకు జారకుండా ఆపే వీలుంటుంది. మొదటి గంటలో కొట్టిన ఫోన్‌కు ఉన్న విలువ నాలుగో రోజు ఏడ్పుకు లేదు. వేలిముద్రతో పైసలు తీసే మోసాలు కూడా ఉన్నాయి, ఆధార్ యాప్‌లో బయోమెట్రిక్ లాక్ చేసుకోండి, ఫ్రీ.

బత్తాయి_తోట:

అందరికీ థాంక్స్. మూడు వారాల తర్వాత రాస్తున్నా.

కాగితం రాయడం మానేశాను. అమ్మ మొదట ససేమిరా అంది, పది మందిలో పరువు పోతుందని. తులసి మోడు చూపించి, "నీ పరువు ఇక్కడ పోయింది, అక్కడ కాదు" అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు తనే పోయింది. తాడు మెడలోంచి తీసి, కంసాలి చీటీ పక్కన పెట్టి, చెంబు దగ్గర్నుంచి మొత్తం చెప్పిందట. చెప్పడం పూర్తికాకముందే మా చిన్నమ్మ ఏడ్చేసింది. కింది వాడ ఆమె తన కమ్మలు తీసి చూపించింది. ఆ రెండూ మాకు తెలిసినవే. ఎవరికీ తెలియని నాలుగో ఆమె వెనక వరసలోంచి లేచింది. వాళ్ల మనుమడు ఐదో తరగతి, బండి నంబరులో చివరి రెండు అంకెలు వాడికి గుర్తున్నాయి, వాడి రోల్ నంబరు కూడా అదేనట.

హెడ్డు సార్ చెప్పినట్టు నాలుగు దరఖాస్తులు పట్టుకుని ఆటోలో పోయారు. ఈసారి కూర్చోమని కుర్చీలు వేశారు. ఎఫ్‌ఐఆర్ కాపీ అమ్మ బియ్యం డబ్బాలో దాచింది. దొంగలైతే ఇంకా దొరకలేదు.

లైన్‌మన్ బావ మాట మీద పిల్లగాళ్లను బోర్ల వైపు మళ్లించాం. మొదటి వారం పద్నాలుగు మంది, ఇప్పుడు నలుగురు. దుప్పట్ల ముసలాయన మళ్లీ మా ఊరి వైపు రాలేదు. నాన్న ఆయనకు నాలుగు వందలు బాకీ. ఎక్కడ ఉంటాడో ఎవరం అడగలేదు, అడిగితే ఆ గద్దె మీద ఒక మనిషి కూర్చున్నట్టు ఉండేది.

హెడ్డు సార్, ఒకటి మిగిలింది. అమ్మ కొత్త తులసి తెచ్చింది. కోటలో పాత మట్టి తీసేసి పెట్టాలా, అందులోనే నాటితే బతుకుతుందా? ఆ మట్టిలో రవ్వంతైనా తన బంగారం ఉంటుందని పారబోయనివ్వడం లేదు.