సైకిల్ ట్రాకులు వేయడంలో ప్రాంతీయ ప్రభుత్వానికి పనేంటి?

రెండుచక్రాలు:
ట్రాకులు వేసేది మునిసిపాలిటీలే కదా, మరి రాష్ట్రం, ప్రావిన్సు లాంటి పై ప్రభుత్వాలు చేసేదేంటి? డబ్బులివ్వడమేనా, లేక రిబ్బన్ కత్తిరించడానికి వస్తారా?

పాతగేరు:
డబ్బు సంగతి తర్వాతండీ, అసలు చిక్కంతా పొలిమేర దగ్గరే. ఒక మునిసిపాలిటీ ముచ్చటపడి వేసిన ట్రాక్ దాని హద్దు దాకా వచ్చి టక్కున ఆగిపోతుంది, అవతలివాళ్లు వేయరు, వేసినా రెండు వీధుల అవతల వేస్తారు. రోజూ పదిహేను కిలోమీటర్లు తొక్కి ఆఫీసుకెళ్లేవాడు మూడు నాలుగు మునిసిపాలిటీలు దాటాలి మరి. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ చుట్టూ ఉన్న ప్రాంతీయ ప్రభుత్వం, అంటే రాజధాని రీజియన్‌కి సొంత రోడ్లే లేవు, అయినా మునిసిపాలిటీలతో కలిసి కూర్చుని రూట్లు, బోర్డులు, నాణ్యత అన్నిటికీ ఒకే పద్ధతి తెచ్చింది. అలా మునిసిపాలిటీలు దాటి సాగే మొదటి సూపర్ సైకిల్ రూటు 2012లో శివారు ఊరు ఆల్బర్ట్‌స్లుండ్ వైపు తెరిచారు. అది చాలావరకు అప్పటికే ఉన్న ట్రాకు ముక్కల్ని అతికించి బాగుచేసిందే.

తారురోడ్డు:
కూర్చుని మాట్లాడుకోవడం ఒక్కటే చాలదు, చట్టం కూడా కావాలి. జర్మనీలో నార్త్ రైన్-వెస్ట్‌ఫాలియా రాష్ట్రం 2016లో తన రోడ్ల చట్టం మార్చి సైకిల్ హైవేలను రాష్ట్ర రహదారులతో సమానం చేసింది, అంటే అది ఊరివాళ్ల సరదా పని కాదు, రాష్ట్రం బాధ్యత (పెద్ద నగరాల లోపలి భాగం మాత్రం ఆ నగరాలదే). అంత చేసినా డూయిస్‌బర్గ్ నుంచి హామ్ దాకా సుమారు 100 కిలోమీటర్ల ఆర్‌ఎస్1 అనే సైకిల్ హైవే ఇంకా ముక్కలుగానే ఉంది. 2015లో తెరిచిన మొదటి ముక్క పాత రైలు మార్గం మీద వచ్చింది కాబట్టి తేలిగ్గా అయింది. మిగతా చోట్ల భూమి, వంతెనలు, అనుమతులు, అదో పెద్ద టెన్షన్.

పాతగేరు:
నిజమే. డబ్బు కూడా ఊరికే పంచితే లాభం లేదు. బెల్జియంలో ఫ్లాండర్స్ ప్రభుత్వం, ప్రావిన్సులు కలిసి మునిసిపాలిటీల ఖర్చులో వాటా ఇస్తాయి, కానీ ఊళ్లను కలిపే నెట్‌వర్క్ మ్యాప్‌లో ఆ రోడ్డు ఉండాలి, డిజైన్ నిబంధనలూ పాటించాలి. రంగు గీత గీసేసి బిల్లు పెడతామంటే కుదరదు.

రెండుచక్రాలు:
బాగుందండీ. మరి వేశాక ఆకులు, గాజుపెంకులు ఊడ్చేదెవరు?

తారురోడ్డు:
అదే గొడవ! కట్టడానికి గ్రాంటు దొరికినంత తేలిగ్గా ఊడవడానికి దొరకదు. ఒప్పందం రాసుకునేటప్పుడే ఆ ముక్క కూడా రాయించుకోకపోతే ఎవరికి వారు పక్కవాడి వైపు చూస్తారు.