ఆన్ చెప్పింది అబద్ధమేనా? ఆ పుస్తకం పిల్లలకు ఇవ్వొచ్చా?

బెజవాడ_అమ్మ: లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల దగ్గర 'ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్' దొరికింది. 1908లో మాంట్‌గొమరీ రాసిన నవల. మా పాపకు పదకొండేళ్లు, కథ మొదట్లో ఆన్ వయసే. నిజాయితీ, దయ నేర్పుతుందని కొన్నాను. మా తోడికోడలేమో ఆ పిల్ల అబద్ధాలకోరు, ఇవ్వొద్దంటోంది.

బ్రాడీపేట_మాస్టారు: నిజమేనమ్మా. ఆన్‌ను పెంచే మరిల్లా బ్రోచ్, అంటే బట్టలకు గుచ్చుకునే నగ, కనబడకపోతే, తానే తీసుకెళ్లి చెరువులో జారవిడిచానని ఆన్ కథ అల్లింది. ఎందుకూ? పిక్నిక్‌కి వెళ్లి ఐస్‌క్రీమ్ తినడానికి!

పుస్తకాల_పురుగు: ముందు తీసుకెళ్లలేదనే చెప్పింది సార్. ఒప్పుకునేదాకా గది దాటొద్దన్నది మరిల్లా.

బ్రాడీపేట_మాస్టారు: దాటకపోతేనేం? పిక్నిక్ పోతే పోయింది, నిజం మీద నిలబడాలి. బ్రోచ్ శాలువాకు చిక్కుకుని దొరికాక మరిల్లా కూడా అదే అంటుంది, చెయ్యనిది ఒప్పుకోవడం తప్పని.

కృష్ణాతీరం: ఒక్క బ్రోచ్ మీద ఎంతసేపండీ!

గుంటూరు_అమ్మాయి: సగమే చెప్పారు మాస్టారూ. నీచేత అలా చెప్పించింది నేనే, నన్ను క్షమించమని కూడా మరిల్లా అంటుంది. నేను హాస్టల్లో ఏడో తరగతిలో ఉండగా ఒకమ్మాయి వాచీ పోయింది. అర్ధరాత్రి దాకా వరండాలో నిలబెట్టారు. కాళ్లు లాగేసి, నేనే తీశానన్నాను. తెల్లారి ఆ వాచీ స్నానాలగది కిటికీలో దొరికింది. నాతో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఇంటికెళ్తే, తియ్యనప్పుడు ఎందుకు ఒప్పుకున్నావని మా నాన్న కొట్టారు. ఇప్పుడు మీరూ అదే అడుగుతున్నారు.

బ్రాడీపేట_మాస్టారు: మీకు జరిగింది తప్పే. కానీ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. గట్టిగా అడక్కపోతే ఏ పిల్లా నిజం చెప్పదు. ప్రతిదానికీ పిల్లల ముందు తల దించుకుంటే క్లాసు నడవదు.

గుంటూరు_అమ్మాయి: అదీ అసలు సంగతి. ఆన్ అబద్ధం కాదు, మరిల్లా క్షమించమనడం మీకు మింగుడుపడలేదు.

బ్రాడీపేట_మాస్టారు: పడలేదు. పెద్దవాళ్లు ఆ మాట అనాలని మాకెవరూ నేర్పలేదు. అయినా తియ్యనిది తీశానంటే అబద్ధమే.

పుస్తకాల_పురుగు: భయపెట్టి చెప్పించినదాన్ని అబద్ధమని ఎలా అంటారు సార్?

బెజవాడ_అమ్మ: ఈ రాత్రికి పాపకిస్తున్నాను. బ్రోచ్ కథ పద్నాలుగో అధ్యాయంలో ఉంది. అది మాత్రం దాని పక్కన కూర్చుని నేనూ చదువుతాను.