ముక్కు స్ప్రే వాడితే ఒకవైపే రక్తపు చార: మొన తిప్పే తీరులో లోపమా?

పుప్పొడి అలర్జీకి వాడేది ఫ్లూటికాసోన్ (ముక్కులో వాపు తగ్గించే స్టెరాయిడ్) స్ప్రే, పఫ్‌కి 50 మైక్రోగ్రాములది. రోజుకోసారి ఒక్కో రంధ్రంలో రెండు పఫ్‌లు. సీసా ఊపడం, తల కాస్త ముందుకు వంచడం, కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి, ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి వాడి మొనను అదే వైపు చెవికేసి తిప్పడం, అన్నీ పద్ధతి ప్రకారమే. మందు నడిమి గోడకు తగిలితే అక్కడి పలుచని పొర ఎండి రక్తం వస్తుంది కాబట్టే ఈ చేతుల మార్పిడి. గట్టిగా ఎగపీలిస్తే మందంతా గొంతులోకి పోతుంది, అందుకే మెల్లగా పీల్చడమే.

అయినా ఎడమ రంధ్రంలో, చీదినప్పుడల్లా సన్నటి రక్తపు చార. నడిమి గోడ అటు వంగి ఉంటే మొన ఏ కోణంలో పెట్టాలి? ఆ వైపు కొన్నాళ్లు ఆపితే వాపు తిరగబెడుతుందా?

ఇంకోటి. కాచి చల్లార్చిన 240 మి.లీ. నీళ్లలో అయొడిన్ లేని ఉప్పు పావు టీస్పూను, చిటికెడు వంటసోడా కలిపి స్ప్రేకి ముందు ముక్కు కడగడం కూడా జరుగుతోంది. కడిగాక ఎంతసేపు ఆగి స్ప్రే కొడుతున్నారు? వెంటనే కొడితే మిగిలిన నీటితోపాటు మందూ కారిపోతోంది.

ముక్కు దిబ్బడను వెంటనే తగ్గించే జైలోమెటాజోలిన్ చుక్కలు మాత్రం సూచించకండి. కొద్దిరోజులు దాటితే ముక్కు మరింత బిగుసుకుంటుంది.