అప్‌డేట్: ఎగ్జిబిషన్ హాల్లో ఎరుపు రంగు మట్టిరంగులా కనిపించిన సమస్య తీరింది

తిండి పదార్థాల మీద మా కాలనీవాళ్లం వేసిన పెయింటింగ్స్‌తో ఎగ్జిబిషన్ పెడుతున్నామని, ఇంట్లో నిగనిగలాడిన టమాటాలు, చెర్రీలు హాల్లో మాత్రం వాడిపోయినట్టు కనిపిస్తున్నాయని ఇక్కడ అడిగాను. సాయం చేసిన అందరికీ థ్యాంక్స్.

"బల్బులు చూడండి" అన్నవాళ్లదే కరెక్ట్. లైటింగ్ టెక్నీషియన్‌ను పిలిపిస్తే, హాల్లో ఉన్నవి సీఆర్ఐ 80 ఎల్ఈడీలని తేలింది (సీఆర్ఐ అంటే ఆ వెలుగులో రంగులు ఎంత సహజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, గరిష్ఠం 100). ఆఫీసు పనికి అవి సరిపోతాయి, బొమ్మలకు చాలవు. నాకు కొత్తగా తెలిసిందేంటంటే, ఆ సీఆర్ఐ అంకె ఎనిమిది లేత రంగులకు వచ్చిన మార్కుల సగటు మాత్రమే. ముదురు ఎరుపును ఆర్9 అని విడిగా కొలుస్తారు, అది ఆ సగటులోకి రాదు. అంటే అంకె బాగానే ఉన్నా ఎరుపు చచ్చిపోవచ్చు! అందుకే సీఆర్ఐ 90 దాటినవి, ఆర్9 కూడా 50కి పైన ఉన్నవి అడిగి వేయించాం. చెర్రీలకు ప్రాణం లేచొచ్చింది.

కొందరు అనుమానించిన వార్నిష్, గోడ రంగు, ఫ్రేమ్ అద్దం... వీటికీ దీనికీ సంబంధమే లేదు. మళ్లీ వార్నిష్ పూయమన్న సలహా పాటించకపోవడమే మంచిదైంది. ఇలాంటి తేడా కనిపిస్తే ముందు బొమ్మను పగటి వెలుగులోకి తెచ్చి చూడండి. అక్కడ బాగుంటే తప్పు రంగుది కాదు, లైటుది.