12 రూపాయల కొత్తిమీరకు 67 రూపాయల బిల్లు: పది నిమిషాల యాప్ లాభమా, దండగా?

నిజాంపేట్ నివాసి:
మా ఇంట్లో రెండు వారాలుగా ఇదే గొడవ. మీరైనా తేల్చండి.

హైదరాబాద్ నిజాంపేట్‌లో ఉంటాం. నేను, మా ఆవిడ, ఆరేళ్ల పాప. ఇద్దరం ఉద్యోగాలకు వెళ్లేవాళ్లమే. ఉప్పు నుంచి ఉల్లిపాయ దాకా అన్నీ పది నిమిషాల్లో తెచ్చిచ్చే యాప్‌లోనే కొంటాం. పోయిన నెల 24వ తేదీకే ఖాతా ఖాళీ అయ్యింది. అనుమానం వచ్చి ఆదివారం కూర్చుని పాత బిల్లులన్నీ నోటుబుక్కులో ఎక్కించాను. నెలలో 31 ఆర్డర్లు. సరుకులకు 9,460. డెలివరీ, హ్యాండ్లింగ్, చిన్న ఆర్డర్ చార్జీ, వాన చార్జీ అన్నీ కలిపి 614.

ఒక్క ఉదాహరణ చెబుతాను. పప్పుచారు దించే సమయానికి కొత్తిమీర లేదు. కట్ట 12 రూపాయలు. తీరా డబ్బు కట్టే దగ్గరికొచ్చేసరికి డెలివరీ 30, హ్యాండ్లింగ్ 10, చిన్న ఆర్డరని 15. మొత్తం 67. "199 దాటితే డెలివరీ ఉచితం" అని పైన పచ్చగా రాసి ఉంది. సరేనని చిప్స్, ఐస్‌క్రీమ్ వేసి 199 దాటించాం. చారులోకి కొత్తిమీర వచ్చింది, 200 పోయాయి.

యాప్ తీసేసి వారానికోసారి కూకట్‌పల్లి రైతు బజార్, మిగతావి సందు చివర కిరాణా అని నా వాదన. 614కి నీ పెట్రోలూ, నా ఆదివారమూ కూడా రావని ఆవిడ వాదన. ఎవరిది రైటు?

తెనాలి కొట్టు:
మాది మూడు తరాల కిరాణా. అందుకే మా వైపు మాట్లాడతానని ముందే ఒప్పుకుంటున్నాను.

సబ్బులు, పేస్టులు, బిస్కెట్ల విషయంలో యాప్‌తో మేం పోటీ పడలేం. నూటికి ఎనిమిదో పదో మిగిలే సరుకు మీద వాళ్లిచ్చే తగ్గింపు మేమెక్కడిస్తాం? అవి అక్కడే కొనుక్కోండి. విడి సరుకుల సంగతి వేరు. మా దగ్గర విడి కందిపప్పు ఈ వారం కిలో 125. యాప్‌లో పేరున్న ప్యాకెట్ 160 దాకా ఉంది. మినప్పప్పు, వేరుశనగ గుళ్లు, ఎండుమిర్చి, చింతపండు అన్నిటికీ అంతే. ప్యాకెట్‌కీ, దాని మీది బొమ్మకీ డబ్బు కడుతున్నారు. ఇంకో మాట. కొట్టుకొచ్చినవాళ్లు చీటీ రాసుకొస్తారు. చీటీలో ఉన్నది కొంటారు, వెళ్తారు. ఫోన్లో చీటీ ఏది?

ఇద్దరు పిల్లల తల్లి:
కొట్టు అన్నయ్యగారూ, చిల్లర లేదని మా చేతిలో చాక్లెట్లు పెట్టిన రోజులు మర్చిపోయారా? రెండు రూపాయలు రావాల్సిన చోట రెండు చాక్లెట్లు. అది హ్యాండ్లింగ్ చార్జీ కాదా? యూపీఐ వచ్చి ఆ బాధ తప్పించింది గానీ, మీరు మానింది లేదు.

నిజాంపేట్ అన్నయ్యా, మీ ఆవిడ చెప్పిందే రైటు. రైతు బజార్‌కి ఎవరు వెళ్తారు? వెళ్లినా, వచ్చాక ఆ మూడు కట్టల గోంగూర ఎవరు ఒలుస్తారు? చవకని రెండు కిలోల టమాటా తెచ్చి ఫ్రిజ్‌లో మెత్తబడ్డాక పారేస్తే ఆ నష్టం మీ నోటుబుక్కులో ఏ గడిలో రాశారు? మా చిన్నాడికి జ్వరమొచ్చిన రాత్రి ఓఆర్ఎస్ ప్యాకెట్ తొమ్మిది నిమిషాల్లో వచ్చింది. ఆ రోజు 30 కాదు, 300 అడిగినా ఇచ్చేదాన్ని.

తెనాలి కొట్టు:
చాక్లెట్ల విషయంలో తప్పు మాదే తల్లీ.

ఎంవీపీ కాలనీ మాస్టారు:
విశాఖలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. ఎక్కడ కొనాలన్న దాని మీద ఇంత వాదించుకుంటున్నారు, ఎంతకు కొంటున్నామో చూసుకునేవాళ్లు మాత్రం తక్కువ.

2022 నుంచి ప్యాకెట్ మీద ఎంఆర్‌పీతో పాటు గ్రాముకో, మిల్లీలీటరుకో, కిలోకో, లీటరుకో ఎంత పడుతుందో కూడా వేయాలని కేంద్రం నిబంధన తెచ్చింది. చిన్నక్షరాల్లో ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని చూడాలి. దాన్ని చూడ్డం మొదలెట్టాక నాకు తెలిసింది, పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక కాదని. మొన్న ఒకే కంపెనీ బట్టల పొడి తీసి చూశాను. రెండు కిలోల "ఆదా ప్యాక్"లో కిలో ధర మామూలు కిలో ప్యాకెట్ కంటే ఎక్కువ.

షాంపూ లెక్క ఇంకా విచిత్రం. మా ఇంట్లో ఉన్న రూపాయి ప్యాకెట్‌లో 5 మిల్లీలీటర్ల పైనే ఉంది, అంటే మిల్లీకి 20 పైసల లోపే. అదే కంపెనీ, అదే రకం బాటిల్‌లో మిల్లీకి అర్ధరూపాయి దాటింది. నాకు ఉన్న జుట్టుకి ఒక ప్యాకెట్ మూడుసార్లు వస్తుందనుకోండి. చెత్త పెరుగుతుందని మా కోడలు కేకలేస్తుంది. అదీ నిజమే.

యాప్‌లో కూడా ఇదే కిటుకు ఉంది. టమాటా 24 అని కనిపిస్తుంది, కింద సన్నగా 500 గ్రా. అని ఉంటుంది. మా రైతు బజార్‌లో బోర్డు మీద కిలో ధరే రాస్తారు. 1999 జనవరి 26న రైతు బజార్లు మొదలైనప్పటి నుంచీ ఆ పద్ధతి ఉంది. టోకు ధరకు కాస్త పైన, బయటి చిల్లర ధరకు కింద రోజూ రేటు కడతారు. బేరం చేసే పని లేదు. నాలాంటి మొహమాటస్థుడికి అదే పెద్ద లాభం.

బోడుప్పల్ బ్యాచిలర్:
మాస్టారూ, ఉద్యోగం ఉన్నోడు పొద్దున్నే రైతు బజార్ ఎట్ల పోతాడు చెప్పండి? రాత్రి తొమ్మిదింటికి రూమ్‌కి వస్తా. రెండు గుడ్లు, బ్రెడ్డు, పెరుగు. కిరాణాకి షట్టర్ పడి ఉంటది. యాప్ లేకపోతే బిర్యానీ ఆర్డరే దిక్కు. దాని కన్నా ఇది చవక కదా. అందరికీ ఒకే లెక్క పెట్టకండి.

బిల్లు చదివే మనిషి:
చార్జీల గురించి ఒక మాట, ఎందుకంటే చాలామంది అది మామూలేనని సర్దుకుపోతున్నారు.

ముందు తక్కువ ధర చూపించి చివరి మెట్టు మీద చార్జీలు కలపడం, మనం ఎంచుకోని వస్తువునో, విరాళాన్నో బుట్టలో దూర్చడం, రెండూ నిషేధమే. కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబర్ 30న ఇలాంటి 13 రకాల మాయలను పేరు పెట్టి మార్గదర్శకాల్లో చేర్చింది. నాకు ఒక యాప్ బుట్టలో నేను అడగని విరాళం రెండు రూపాయలు కనిపించింది. టిక్కు దానంతట అదే పెట్టి ఉంది. స్క్రీన్ ఫొటో తీసి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాను. నాలుగు రోజులకు రెండు రూపాయలు తిరిగొచ్చాయి. రెండు రూపాయలకు ఇంత హడావుడా అని మావాళ్లు నవ్వారు. నవ్వితే నవ్వారు.

ఇంకో సంగతి. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒంటి సబ్బు, షాంపూ, పేస్టు, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. యాప్ చూపించే "20 శాతం తగ్గింపు" పాత ఎంఆర్‌పీ మీదా, పన్ను దిగాక వచ్చిన ఎంఆర్‌పీ మీదా చూసుకోండి.

ఇద్దరు పిల్లల తల్లి:
చార్జీల మోసం గురించి ఒప్పుకుంటా. కొట్టు అన్నయ్యకి మాత్రం ఒక ప్రశ్న. విడి కందిపప్పు 125 అన్నారు బాగుంది. అందులో కందిపప్పులాగే కనిపించి ఆరోగ్యం పాడుచేసే కేసరి పప్పు కలపలేదని నేనెలా నమ్మాలి? ప్యాకెట్ మీద కనీసం ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లైసెన్స్ నంబర్ ఉంటుంది, ఎవరి మీద ఫిర్యాదు చేయాలో తెలుస్తుంది.

తెనాలి కొట్టు:
అడగాల్సిన ప్రశ్నే. కేసరి పప్పు గింజ కాస్త పలకలుగా, ఒక వైపు ఏటవాలుగా ఉంటుంది. గుప్పెడు పళ్లెంలో పోసి చూస్తే తెలుస్తుంది. మా అమ్మ అలా చూడకుండా బస్తా దించనిచ్చేది కాదు. కానీ మీరు కొనే కొట్టు గురించి నేను హామీ ఇవ్వలేను. ముందు అరకిలో కొనండి, వండి చూడండి. నచ్చితే నెలకు సరిపడా తీసుకోండి. నచ్చకపోతే అతని మొహం మీదే చెప్పండి. ఎదురుగా నిలబడి తిట్టడానికి మనిషి ఉండటం కిరాణాలో ఉన్న సౌకర్యం.

బోడుప్పల్ బ్యాచిలర్:
అన్నా, ఇది మాత్రం సూపర్.

నిజాంపేట్ నివాసి:
అందరికీ థ్యాంక్స్. చీటీ మాట చదివాక మళ్లీ నోటుబుక్కు తీశాను. ఈసారి మా ఆవిడ కూడా పక్కన కూర్చుంది. ప్రతి బిల్లులో కావాలని కొన్న వాటికి టిక్కు, 199 దాటించడానికో, చూసి నోరూరి కొన్నవాటికో సున్నా పెట్టుకుంటూ వెళ్లాం.

టిక్కులు 6,150. సున్నాలు 3,310.

అంటే మేం పోట్లాడుకున్న 614 అసలు సమస్యే కాదు. చిప్స్, చాక్లెట్లు, మూడు రకాల జ్యూస్‌లు, ఒక ఫోన్ స్టాండు (ఎందుకు కొన్నామో ఇద్దరికీ గుర్తు లేదు). నేను గెలిచాననుకుని ఊపిరి పీల్చుకునేలోగా ఆవిడ ఇంకో గడి గీసింది, ఏ ఆర్డర్ ఎవరి ఫోన్ నుంచి వెళ్లిందని. సున్నాల్లో మూడొంతులకు పైగా నావే. అందులోనూ ఎక్కువ రాత్రి పదిన్నర తర్వాత, క్రికెట్ చూస్తూ.

ప్రస్తుతానికి కుదిరిన ఒప్పందం: యాప్ నా ఫోన్లోంచి తీసేశాం, ఆవిడ ఫోన్లో ఉంటుంది. కూరగాయలకు ఆదివారం రైతు బజార్, వెళ్లేది నేను, గోంగూర ఒలిచేదీ నేనే. పప్పులు ఎక్కడ కొనాలో ఇంకా తేలలేదు. ఆవిడకు కేసరి పప్పు భయం పట్టుకుంది. నిజాంపేట్ చుట్టుపక్కల విడి కందిపప్పు పళ్లెంలో పోసి చూడనిచ్చే కొట్టు ఎవరికైనా తెలిస్తే చెప్పండి.

బోడుప్పల్ బ్యాచిలర్:
అన్నా, ఇంతకీ ఆ ఫోన్ స్టాండు అమ్ముతవా?