అప్‌డేట్: అన్నం మానేసి ఉలవలు, అలసందలతో పది వారాల సైక్లింగ్

వారానికి 150 కిలోమీటర్లు సైకిల్ తొక్కే నేను అన్నం, చపాతీ పూర్తిగా మానేసి ఉలవలు, అలసందల వంటి గింజలతోనే బరువు తగ్గవచ్చా అని ఆ మధ్య ఇక్కడ అడిగాను. ఓపికగా జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. 84 కిలోల నుంచి 79కి వచ్చాను.

అయితే మూడో వారంలో అనంతగిరి ఎక్కుతుండగా కాళ్లలో సత్తువ ఒక్కసారిగా పోయింది. చేతులు వణికాయి, ఒళ్లంతా చల్లటి చెమట. రోడ్డు పక్కన కూర్చుని రెండు అరటిపండ్లు తిన్నాక, పావుగంటకు గానీ లేవలేకపోయాను. గ్లైకోజెన్ (కండరాల్లో, కాలేయంలో ఒళ్లు దాచుకునే పిండిపదార్థం) నిల్వలు ఖాళీ అయితే ఇలాగే అవుతుందని మీలో ఒకరు ముందే హెచ్చరించారు. ఆ మాట వినవలసింది.

ఇప్పుడు గంటన్నర దాటే రైడ్ ఉన్న రోజు పొద్దున ఇడ్లీ తింటున్నాను, దారిలో గంటకు ఐదారు ఖర్జూరాలు. మిగతా రోజులు గింజలే. నిజానికి వీటిలో పిండిపదార్థం తక్కువేమీ కాదు, 100 గ్రాముల ఎండు ఉలవల్లో సగానికి పైగా అదే. నెమ్మదిగా అరుగుతుంది కాబట్టి మధ్యాహ్నం దాకా ఆకలి వేయదు, నాకు మేలు చేసింది అదే.

రాజ్మా వండేవారికి ఒక మాట: రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి. సగం ఉడికినవి తింటే వాంతులవుతాయి.

డిసెంబరులో 200 కిలోమీటర్ల బ్రెవే (గడువు లోపల పూర్తి చేయాల్సిన సుదూర సైకిల్ రైడ్) ఉంది, పదమూడున్నర గంటల్లో ముగించాలి. ముందు రోజు రాత్రి అన్నం తినాలా? అనుభవమున్నవారు చెప్పండి.